ఎండ కొత్త

మా మామ ఎండని కోయడానికి మంచిరోజు చూడకపోవడం వల్ల నా భుజం ఇంకో నెల అరిగింది. ఈ మాట బయటివాళ్ళకి చెబితే అరిగింది భుజం కాదు, బుర్ర అనుకుంటారు. అందుకే మొదటి నుంచీ చెబుతాను.

మాది అరకులోయకి పైన, ఘాటు రోడ్డు వదిలాక జీపు కూడా మూలుగుతూ ఎక్కే కొండ మీద చిన్న ఊరు. కాఫీ తోటలు, మీరు రాగులనే చోళ్ళ చేలు, పక్కనే గెడ్డ అని పిలిచే కొండవాగు. మా ఊళ్ళో కొత్తగా పండినదేదీ నేరుగా నోట్లో పెట్టుకోరు. మామిడికాయైనా, చిక్కుడుకాయైనా, సామలైనా, ముందు ఒక మంచిరోజు చూడాలి. ఆ రోజు మొదటి కాపు కోసి, చచ్చిపోయిన పెద్దలకి పెట్టి, ఆ తర్వాతే బతికున్నవాళ్ళు తినాలి. దాన్ని కొత్త పండగ అంటారు. మామిడికి మామిడి కొత్త, చిక్కుడుకి చిక్కుడు కొత్త. పండగ కాకముందు చెట్టునిండా పళ్ళున్నా ఉడతలు తింటాయి, చిలకలు తింటాయి, మనుషులం కింద నిలబడి చూస్తాం.

ఆ మంచిరోజు చూసేవాడిని దిసారి అంటారు. మా ఊరి దిసారి మా మామ. ఊరు చిన్నది కాబట్టి పూజ చేసే పనీ ఆయనదే, మొదటి కాయ కోసే పనీ ఆయనదే. ఆయన కోస్తే ఊరంతా తిన్నట్టు, ఆయన కోయకపోతే ఊరంతా పస్తున్నట్టు.

నేను పుట్టింది కొండకి అవతలి ఊళ్ళో. అక్కడ అందరూ చర్చికి వెళ్ళేవాళ్ళే. పండు దొరికితే కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని తినేస్తారు. పెళ్ళయి ఇక్కడికి వచ్చిన మొదటి వేసవిలో నేనూ అలవాటు కొద్దీ మామిడిపండు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి చేతిలో పండు లేదు. మా అత్త లాగేసుకుని చెట్టు మొదట్లో పెట్టేసింది. అప్పటి నుంచి ఈ ఊళ్ళో ఏం చెయ్యాలన్నా కళ్ళు తెరిచే చేస్తున్నాను.

ఇక నా భుజం సంగతి. మా ఇంట్లో పొద్దున్నే చోడి అంబలి తాగకుండా ఎవరూ పొలానికి కదలరు. అంబలికి పిండి కావాలి, పిండి కావాలంటే తిరగలి తిప్పాలి. అత్తకి భుజం పట్టేశాక తిరగలి నాకు వచ్చింది. కోడి కూయగానే లేచి, చలిలో వేళ్ళు కొంకర్లు పోతుండగా ఆ రాయి ముందు కూర్చునేదాన్ని. ఆశ్రమ పాఠశాలలో ఉండి ఇంటర్ దాకా చదువుకున్నాను, అక్కడ తిరగలి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. కొన్నాళ్ళకి నా కుడి భుజం కూడా అత్త భుజం దారి పట్టింది. జడ వేసుకోవాలంటే చెయ్యి వెనక్కి వెళ్ళేది కాదు.

పిండిమర ఉంది, కానీ అరకులో ఉంది. సంతరోజు చోళ్ళు నెత్తిన పెట్టుకుని దిగాలి, పిండి నెత్తిన పెట్టుకుని ఎక్కాలి. మా ఊరికి కరెంటు లేదని అనను. ఉంది. అడవిలోంచి వైర్ల మీద వస్తుంది. ఎక్కడో కొమ్మ విరిగితే పోతుంది, మళ్ళీ దానికి రావాలనిపించినప్పుడు వస్తుంది. బల్బు వెలిగించడానికే బద్ధకించే ఆ కరెంటు మరని తిప్పే మాట కల్ల.

ఇన్ని బాధల మధ్య మామ ఒక విమర్శ చేసేవాడు. పొద్దున్నే దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చుని నా తిరగలి చప్పుడు వినేవాడు. విని, "మా యమ్మ ఇసిరితే పాటలాగుండీది. నువ్విసిరితే ఆ రాళ్ళు రెండూ తగువాడుకుంతన్నట్టుంటాది" అనేవాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ విసురుతుంటే ఆవిడ ఒళ్ళోనే తొంగుండి నిద్రపోయేవాడట. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఒళ్ళో పిల్లాణ్ణి పెట్టుకుని తిరగలి తిప్పిన ఆ తల్లి భుజం ఏమైందో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. అడుగుదామని మాట నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. కోపం మాత్రం చేతిలోకి వెళ్ళేది, తిరగలి ఇంకా గట్టిగా తిరిగేది, రాళ్ళ తగువు ఇంకా ముదిరేది.

అలాంటి రోజుల్లో విశాఖపట్నం నుంచి ఒక ఇంజినీరు అమ్మాయి మా ఊరు వచ్చింది. కొండ ఊళ్ళకి ఎండతో నడిచే సామాన్లు ఇచ్చే సంస్థలో పని చేస్తుందట. కప్పు మీద సోలార్ పలకలు పెడితే కింద పిండిమర తిరుగుతుందని చెప్పింది. బ్యాటరీ ఉండదు, ఎండ ఉన్నంతసేపూ తిరుగుతుంది, ఎండ పోతే ఆగుతుంది. ఊరివాళ్ళు ఆ మాట విని దానికి ఎండమర అని అప్పుడే పేరు పెట్టేశారు. నేను ఇంటర్ చదివాను కనుక మర నడిపే పని నాకే ఇస్తామన్నారు. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. పట్టినా కోడి కూయగానే లేవాలి కదా, అది వేరే సంగతి.

ఒకటే షరతు. ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఉన్నది ఒక్క మర. నెలాఖరుకి సంస్థ పెద్దలు చూడటానికి వస్తారు. అప్పటికి మర తిరుగుతుంటే మాది. మూలన పడి ఉంటే విప్పి అవతలి ఊరికి ఇచ్చేస్తారు. అవతలి ఊరంటే మా పుట్టిల్లు. అక్కడ మర పెట్టడానికి పాక కూడా ఊడ్చి సిద్ధంగా ఉంచింది మా వదిన. ఆవిడ ఫోన్ చేసి, మీకు బరువైతే చెప్పమ్మా, మేము మోసుకుంటాం అని ఎంతో ప్రేమగా చెప్పింది. నా భుజం అరిగేది ఇక్కడ, మర తిరిగేది మా వదిన పాకలో. ఆ ఊహకే నాకు ఒళ్ళు మండిపోయింది.

మర బిగించారు. పాక కప్పు మీద నల్లటి పలకలు తళతళలాడాయి. ఊరంతా చుట్టూ మూగింది. ఇంజినీరు అమ్మాయి మర నోట్లో చోళ్ళు పోసి స్విచ్చి మీద చెయ్యి వెయ్యబోతుంటే వెనకనుంచి కర్ర చప్పుడు వినిపించింది. మామ. ఆగమన్నాడు.

ఇది దేనితో తిరుగుతాదని అడిగాడు. ఎండతో, తాతగారూ అంది ఆ అమ్మాయి. మా ఊరి ఎండేనా అన్నాడు. మీ ఊరిదే అంది. ఈ పలకలు దాన్ని పట్టుకుంటాయా అన్నాడు. ఆ అమ్మాయి సంతోషంగా తలూపింది, పాఠం చెప్పకుండానే పిల్లాడికి అర్థమైపోయిందనుకుని. ఆ ప్రశ్నలు ఎటు పోతున్నాయో నాకు మాత్రం తెలుసు.

"మరైతే కొత్త సెయ్యకుండా ఎలా ముడతావు?" అన్నాడు మామ.

ఇన్నాళ్ళూ ఇదే ఎండలో చోళ్ళు ఆరబోసుకున్నారు కదా అని ఆ అమ్మాయి తెలివిగా అడిగింది. మామ ఆమెను జాలిగా చూశాడు.

"అది రాలిపడ్డ ఎండ. ఎవులైనా వాడుకోవచ్చు. ఇది కోసిన ఎండ. ఈ కొండ మీద ఎండ కొయ్యడం ఇదే మొదలు."

ఊరంతా తలలూపింది. నిజం చెప్పాలంటే, అంత కోపంలోనూ ఆ మాట బాగుందని నాకూ అనిపించింది. ఇంజినీరు అమ్మాయి నా వైపు చూసింది, ఇదేమైనా వేళాకోళమా అన్నట్టు. కాదని తల అడ్డంగా ఊపాను. మర నోట్లో పోసిన చోళ్ళు మళ్ళీ చేటలోకి ఎత్తాను.

పోనీ మంచిరోజు చూడమంటే ఆ రోజు రాదు. మంగళవారం చూడమంటే నక్షత్రం బాలేదన్నాడు. ఆ పై వారం నక్షత్రం బాగుంటే గాలి బాలేదన్నాడు. గాలి కుదిరిన రోజున ఊళ్ళో ఎవరి ఆవో ఈనింది, పురుడు అన్నాడు. ఆవు పురుడు ఎండకి అంటుతుందా అని అడిగితే, ఎందుకంటదు, ఎండలోనే కదా ఈనింది అన్నాడు. మా ఆయనతో మొరపెట్టుకుంటే, మామాకోడళ్ళ తగువులోకి నన్ను లాగకు అని జీపు వేసుకుని అరకు వెళ్ళిపోయాడు. ఆయనకి ఆ జీపు తోలడం ఒక వృత్తి, దానిలో పారిపోవడం ఇంకో వృత్తి.

ఈలోగా పెద్దలకి ఏం పెట్టాలన్న చర్చ మొదలైంది. మామిడి కొత్తకి మామిడికాయ పెడతారు. ఎండ కొత్తకి ఎండని ఎలా పెట్టడం? ఊరి మొదట్లో చచ్చిపోయిన పెద్దల పేర నిలబెట్టిన రాళ్ళ దగ్గర బల్బు పెడదామన్నాడు ఒకాయన. పెద్దలకి కంటినిండా నిద్రుండదని ఇంకొకాయన కొట్టిపారేశాడు. మూడో ఆయన, మర నుంచి ఒక వైరు లాగి నేరుగా ఆ రాళ్ళకే చుట్టేస్తే పెద్దలే తీసుకుంటారు కదా అన్నాడు. ఇంజినీరు అమ్మాయి మొహం తెల్లబోయింది. చివరికి మా అత్త విసుగెత్తి, ఆ మరలో పిండి విసిరి, ఆ పిండితో అంబలి కాచి పెట్టండి అని తేల్చింది. అందరికీ నచ్చింది.

మామకి మాత్రం నచ్చలేదు. కొత్త కోత ఎప్పుడూ పొద్దు పొడవకముందే కొయ్యాల అన్నాడు. పొద్దు పొడవకపోతే మర తిరగదు తాతగారూ, దానికి ఎండ కావాలి అంది ఆ అమ్మాయి. అయితే ఇంకేటి సేత్తాం, మన సేతుల్లో లేదు అన్నాడు మామ. అంటూ చుట్ట వెలిగించుకుని అరుగెక్కి కూర్చున్నాడు. పనిని చెడగొట్టినవాడి మొహం అలా ఉండదు, పెద్ద గండం గడిచినవాడి మొహంలా ఉంది. నాకు అక్కడ అనుమానం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే తిరగలి తిప్పుతూ అత్తని అడిగేశాను. ఈయనకి మర అంటే ఎందుకంత పగ అని. అత్త పొయ్యి ఊదుతూ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగాక, గొంతు తగ్గించి, "పగ కాదే, బయం" అంది.

అప్పుడు చెప్పింది కథ. మా పెళ్ళికి చాలా ముందు, ఊరికి స్తంభాలు వేసి మొదటిసారి కరెంటు వదిలినప్పుడు, దిసారి కనుక ఈయన మొదటి స్తంభానికి పసుపు రాయడానికి వెళ్ళాడట. వానకి తడిసిన స్తంభం. చెయ్యి వెయ్యగానే ఎగిరి బురదలో పడ్డాడట. ఊరంతా పరుగెత్తుకొచ్చి లేపితే, జుట్టు నిక్కబొడుచుకుని నిలబడి, నాకు దేవత పూనింది అన్నాడట. ఊరు నమ్మి, ఆ స్తంభానికి కోడిని కోసిందట. అది దేవత కాదు, కరెంటు షాకని ఇన్నేళ్ళుగా తెలిసింది అత్త ఒక్కదానికే. ఆ రోజు నుంచీ ఆయన స్విచ్చి ముట్టుకుంటే ఒట్టు.

నేను తిరగలి ఆపి కూర్చుండిపోయాను. ఆ ఇంట్లో అన్నేళ్ళున్నాను, ఆయన లైటు వెయ్యడం ఒక్కసారి చూడలేదు. స్విచ్చి పక్కనే కూర్చుని, పెరట్లో ఉన్న నన్ను పిలిచి, కోడలా లైటెయ్యి అనేవాడు. ఫోను చార్జింగు నుంచి తియ్యాలన్నా నేనే తియ్యాలి. మగవాళ్ళ బద్ధకం అనుకుని లోపల తిట్టుకునేదాన్ని. బద్ధకం కాదన్నమాట. మొదటి కోత దిసారే చెయ్యాలి, అంటే ఊరందరి ముందూ ఆయనే ఆ స్విచ్చి నొక్కాలి. దేవత పూనినవాడు ఇప్పుడు భయమని ఎలా చెబుతాడు? అందుకని నక్షత్రాల మీద, గాలి మీద, పాపం ఆ ఆవు మీద నెపం పెడుతున్నాడు.

నవ్వొచ్చింది, జాలేసింది, భుజం నొప్పీ గుర్తొచ్చింది. నెలాఖరు ఇంక ఎంతో దూరం లేదు. ఊరందరి ముందూ ఆయన పరువు తియ్యడం ఒక్క నిమిషం పని. కానీ ఆయన పరువు పోతే ఆయన పెట్టే మంచిరోజుకి విలువ పోతుంది, అప్పుడు మర తిరిగినా అందులో చోళ్ళు పొయ్యడానికి ఎవరూ రారు. రోజంతా ఆలోచించాను. సాయంత్రం గొడ్లకి నీళ్ళు పెట్టి వచ్చేసరికి మామ వాకిట్లో తట్ట అల్లుతున్నాడు. ఎదురుగా కూర్చున్నాను.

మామిడి కొత్తకి మొదటి కాయ చేత్తో కోస్తావా మామా అని అడిగాను, ఏమీ ఎరగనట్టు.

"సేత్తో ఎలా కోత్తాను? సెయ్యి తగలకూడదు. దోటితో కోత్తాను."

దోటి అంటే పొడుగాటి వెదురు గడ, కాయలు దులపడానికి. అందరికీ తెలిసిందే.

"మరి ఎండకి మాత్రం సెయ్యెందుకు తగలాల?" అన్నాను.

మామ చేతిలో వెదురు బద్ద ఆగింది. అత్త చెప్పేసిందని ఆయనకి అర్థమైంది, నేను చెప్పనని కూడా అర్థమైంది. నేను కింద పడ్డ బద్దలు ఏరుతూ కూర్చున్నాను.

"ఎండిన ఎదురైతే... మంచిదేనా?" అన్నాడు చివరికి, తట్టతో మాట్లాడుతున్నట్టు.

ఎండిన వెదురులోంచి ఏదీ రాదని ఇంజినీరు గుంట చెప్పిందన్నాను. నిజానికి ఆ అమ్మాయిని ఆ తర్వాత అడిగాను, అదృష్టం కొద్దీ అదే చెప్పింది.

మామ తట్ట పక్కన పెట్టి లేచాడు. అటక మీద ఎండిన గడలన్నీ దింపి, వాటిలో అన్నిటికంటే పొడుగుది ఎంచాడు. దాంతో పాకలోని స్విచ్చిని పాక బయట చింతచెట్టు కింద నిలబడి కూడా నొక్కొచ్చు. ఇంత పొడుగెందుకని అత్త అడిగితే, ఎండ ఎత్తులో ఉంటాది కదా అన్నాడు.

దోటి దొరికాక మా ఆచారాలన్నీ ఎంత మెత్తబడ్డాయో చెప్పలేను. నక్షత్రం కుదిరింది. గాలి తిరిగింది. ఆవు పురుడు తీరింది. పొద్దు పొడవకముందు కొయ్యాలన్న నియమం సంగతేమిటని ఎవరో అడిగితే, మంచు విడిచేదాకా మన కొండకి పొద్దు పొడవనట్టే అని చెప్పేశాడు. సంస్థ పెద్దలు వచ్చే రోజునే మంచిరోజు పడింది.

ఆ రోజు మంచు విడవలేదు.

మా దగ్గర చలికాలం పొద్దున మంచు పడితే ఎదుటి మనిషి గొంతు వినిపిస్తుంది, మొహం కనిపించదు. ఊరంతా స్నానాలు చేసి, అంబలి కూడా తాగకుండా పాక చుట్టూ నిలబడింది. డప్పులు వాయించేవాళ్ళు వాయించి వాయించి చలికి డప్పుల్నే దుప్పట్లలో చుట్టేశారు. సంస్థ పెద్దలు వచ్చి, చేతులు నలుపుకుంటూ గడియారాలు చూసుకుంటున్నారు. మా వదిన కూడా వచ్చింది. నెత్తి మీద చోళ్ళ మూట, వెనక ఒక ఖాళీ జీపు. మర విప్పితే వెంటనే ఎక్కించుకు పోదామని ముందుగానే మాట్లాడుకుని వచ్చింది. ఆ జీపు మా ఆయనది. ఇదేమిటని నేను కళ్ళతో అడిగితే, కిరాయికి పిలిస్తే రానంటానా అని ఆయన కళ్ళతోనే చెప్పాడు.

పలకల మీద మంచు నీళ్ళు కారుతున్నాయి. సంస్థ పెద్దల్లో ఒకాయన మెల్లగా, ఇవాళ కాకపోతే ఇంక వీలుకాదమ్మా, కిందకి దిగాలి అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మొహం తిప్పుకుని చోళ్ళు చెరుగుతున్నట్టు నిలబడ్డాను, చెరిగేవి ఏమీ లేకపోయినా. అది చూసి మా వదిన మూట దింపి నా పక్కకి వచ్చింది. ఎంతైనా ఆడబిడ్డని కదా. కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. అవతల మామ రాళ్ళ వైపు తిరిగి ఏదో గొణిగాడు. ఇంజినీరు అమ్మాయి ఫోనులో వాతావరణం చూస్తోంది.

కాసేపటికి గెడ్డ వైపు నుంచి గాలి లేచింది. మంచు చిరిగి, దిగువన వలిసె పూల చేలు పచ్చగా బయటపడ్డాయి. పలకల మీద ఎండ పడింది. మంచు విడిచింది తన ప్రార్థనకని మా వదిన, తను పెట్టిన రోజు మంచిదని మామ, తన ఫోను ముందే చెప్పిందని ఇంజినీరు అమ్మాయి ఇప్పటికీ అంటారు. నాకైతే ఎవరి మాటా కాదనే ఉద్దేశం లేదు.

మామ కొత్త పంచె కట్టుకుని, పాక గుమ్మానికి బాగా ఇవతల నిలబడి, దోటి ఎత్తాడు. మొదటి పోటు గోడకి తగిలింది. తర్వాతది, ప్రమాదం అని రాసిన రేకు బోర్డుకి తగిలి అది గణగణమంటూ కింద పడింది. సంస్థ పెద్దలు ఒకడుగు వెనక్కి వేశారు. దోటి కొస వణుకుతూ వణుకుతూ వెళ్ళి స్విచ్చి మీద ఆనింది. టక్కుమంది.

మర ఒక్కసారిగా గర్జించింది. మామ దోటి వదిలేసి ఒక్క గెంతులో నా వెనక్కి వచ్చి నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. కుడి భుజం. నొప్పికి నేను పెట్టిన కేక మర చప్పుడుని మించిపోయింది. ఊరంతా నాకు దేవత పూనిందనుకుని చేతులు జోడించింది. ఎవరో కోడి కోసం పరుగెత్తారు. మామా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయనకి నవ్వాగలేదు, నాకూ ఆగలేదు. అది కూడా పూనకంలో భాగమేననుకున్నారు.

మర కింద డబ్బాలోకి పిండి రాలింది. మామ భయం భయంగా వంగి, చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు. వెచ్చగా ఉందన్నాడు. ఇంకోసారి నలిపి, మెత్తగా కూడా ఉందన్నాడు. ఆయన నోట నా పిండికి ఎప్పుడూ రాని మాట అది. అయినా ఆ రోజు నాకు కోపం రాలేదు.

ఆ పిండితో కొత్త కుండలో అంబలి కాచాం. అడ్డాకు దొప్పల్లో పోసి ఊరి మొదట్లో పెద్దల రాళ్ళ ముందు పెట్టాం. మామ కూర్చుని పెద్దలని పిలవడం మొదలుపెట్టాడు. తాత, తాతకి తండ్రి, తన తండ్రి, పెదనాన్నలు, అందరినీ పేరుపేరునా పిలిచాడు. ఎప్పుడూ మగవాళ్ళ పేర్లు అయిపోయాక, ఇంకా ఎవరెవరున్నారో అందరూ రండి అని ముగించేస్తాడు. ఆ అందరూలోనే ఆడవాళ్ళుంటారు. నేను అంబలి కుండతో వెనక నిలబడి, ఇంక లేస్తాడు అనుకున్నాను. లేవలేదు. ఒక దొప్ప చేతిలోకి తీసుకున్నాడు.

"అమ్మా," అన్నాడు. గొంతు నాకూ అత్తకీ తప్ప ఎవరికీ వినిపించనంత చిన్నది. "ఇది ఎండ ఇసిరిన పిండే. ఇంక నువ్వు లెగక్కర్లేదు. తొంగో."

ఆ తల్లి భుజం సంగతి ఆయనకి తెలియదని అన్నేళ్ళు మండిపడ్డాను. ఒళ్ళో పడుకున్న పిల్లాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? భుజం కిందే కదా పడుకున్నాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అత్త తన పట్టేసిన భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని రాళ్ళ వైపు చూస్తూ నిలబడింది.

మర మాకే ఉండిపోయింది. మా వదిన మూట కూడా ఆ రోజే పట్టించి ఇచ్చాను. ఎలాగూ జీపు మాట్లాడుకుంది కనుక పిండి వేసుకుని దర్జాగా వెళ్ళింది. ఇప్పుడు వారం వారం వస్తుంది. వానాకాలంలో ఎండమర సెలవు పెడుతుంది, అప్పుడు మళ్ళీ తిరగలి తప్పదు. కానీ ఏడాదంతా తిప్పడానికీ నాలుగు వానలకి తిప్పడానికీ తేడా భుజానికి తెలుస్తుంది. దోటి మాత్రం ఇంకా పాకలోనే వేలాడుతోంది. మామ దాన్ని తియ్యనివ్వడు. లైటు వెయ్యడానికి మాత్రం ఇప్పటికీ నన్నే పిలుస్తాడు.

పండగ మర్నాడు పొద్దున కోడి కూయగానే నాకు మెలకువ వచ్చేసింది. అలవాటు. పిండి డబ్బా నిండుగా ఉందని గుర్తులేదు. లేచి, చీకట్లో తడుముకుంటూ తిరగలి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. అరుగు మీద దుప్పటి కదిలింది. చప్పుడు లేక ఆయనకీ నిద్ర పట్టలేదేమో, మామ అప్పటికే లేచి కూర్చుని ఉన్నాడు.

"ఏటి సేత్తన్నావు?" అన్నాడు.

ఏం చేస్తున్నానో నాకే తెలియక తిరగలి పిడి పట్టుకున్నాను.

"నువ్వూ తొంగో, కోడలా," అన్నాడు.

లోపలికి వెళ్ళి పడుకున్నాను. నిద్ర పట్టలేదు. తెల్లారేదాకా అలా పడుకునే ఉన్నాను.